తేలికదనమే గొప్పదనమా?
విమానపు మిశ్రలోహముల చరిత్రపై ఒక విమర్శ

విమాన నిర్మాణమునకై కొత్త అల్యూమినియపు మిశ్రలోహము వెలువడినప్పుడెల్ల దానిని గూర్చిన వార్త ఒకే తీరున ఉండును: ఇది పాతదానికన్న ఇంత శాతము తేలిక, ఇంత శాతము బలము. వ్రాసినవారు ఆ రెండు అంకెలతో తృప్తి పడుదురు. చదివినవారును తృప్తి పడుదురు. ఆ లోహము పగులును ఎంతవరకు ఓర్చుకొనును, ఏ దిశలో లాగినచో ముందుగా తెగును, ఉప్పుగాలిలో ఏండ్ల తరబడి నిలిచిన తరువాత ఎట్లుండును అను ప్రశ్నలు ఆ వార్తలో కానరావు. అయితే పేరుపొందిన మిశ్రలోహములకు చిక్కు వచ్చినది ఈ ప్రశ్నల దగ్గరనే గాని ఆ రెండు అంకెల దగ్గర కాదు.

ఈ చరిత్రను చెప్పు తీరులో రెండు దోషములు స్థిరపడినవి. మిశ్రలోహమును దాని మేలైన గుణముతోనే తూచుట మొదటిది. దాని చరిత్రను మెట్లు మెట్లుగా పైకెక్కిన అభివృద్ధిగా వర్ణించుట రెండవది. అల్యూమినియము-లిథియము మిశ్రలోహముల కథను నిదానముగా పరిశీలించినచో ఈ రెండు పద్ధతులును నిలువజాలవు.

‘గట్టి’ అను మాటలోని చిక్కు

తెలుగు వైజ్ఞానిక రచనలలో మరియొక చిక్కు కూడ కలదు. ‘గట్టి’ అను ఒక్క మాట నాలుగు వేరువేరు గుణములకు వాడబడుచున్నది. గీత పడనీయకుండుట కాఠిన్యము. లాగినపుడు తెగకుండుట బలము. బరువు మోపినపుడు వంగకుండుట బిగువు. పగులు పుట్టిన పిమ్మట అది పాకకుండ నిలుపుట వేరొక గుణము. దీనిని పగులోర్పు అనవచ్చును. గాజుపలకమీద గీత పెట్టి వంచినచో ఆ గీత వెంబడి విరుగును. సీసపు రేకుమీద అట్టి గీతయే పెట్టి వంచినచో వంగునే గాని విరుగదు. గాజు కాఠిన్యములో సీసమును మించినది. పగులోర్పులో సీసము ముందు నిలువలేదు.

విమానమునకు ఈ నాలుగవ గుణము ప్రాణము వంటిది. రేకులను కూర్చుటకు వేలకొలది రివెట్లు కావలెను. ప్రతి రివెట్టుకును ఒక రంధ్రము కావలెను. ప్రతి రంధ్రపు అంచును పగులు పుట్టుటకు తగిన చోటు. కావున నేటి విమాన రూపకర్తలు పగులు ఉండదని కాక, ఎక్కడనో ఒకచోట ఉన్నదనియే భావించి లెక్కలు వేయుదురు. తనిఖీలో కంటబడు లోపల ఆ పగులు ప్రమాదపు పొడవునకు చేరరాదు. ఈ లెక్కలో బలము ఎంతయో పగులోర్పు కూడ అంతయే ముఖ్యము. రెండింటిని ‘గట్టిదనము’ అను ఒకే మాటతో చెప్పిన వ్యాసము పాఠకునకు సగము సంగతియే చెప్పినదగును.

పదను మారిన లోహము మారును

కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి, నీట ముంచి పదను పెట్టును. ముంచినంతనే ఉక్కు కఠినమగును. 1906లో జర్మనీ దేశమున ఆల్ఫ్రెడ్ విల్మ్ అను లోహశాస్త్రజ్ఞుడు రాగి, మెగ్నీషియము కొలదిగా కలిపిన అల్యూమినియమును ఈ పద్ధతినే కాల్చి ముంచి చూచెను. ముంచినంతనే అది మెత్తగానే ఉండెను. కాని ఊరక ఉంచగా రెండు మూడు దినములలో తనంతట తానే గట్టిపడెను. 1909 నాటికి డ్యూరెన్ పట్టణములోని కర్మాగారము దీనిని తయారుచేయనారంభించెను. ఆ ఊరి పేరును తలపించు డ్యూరాల్యుమిన్ అను పేరు దానికి వచ్చెను.

దీనికి కారణము పటికబెల్లము తీరును పోలినది. వేడి పాకములో చక్కెర ఎక్కువగా కరగును. పాకము చల్లారిన తరువాత అదనపు చక్కెర మెల్లమెల్లగా పలుకులు కట్టును. వేడి అల్యూమినియములో కరగిన రాగి కూడ, లోహమును హఠాత్తుగా చల్లార్చినచో, లోపలనే చిక్కుకొని తరువాత మెల్లగా అతిసూక్ష్మమైన గుంపులుగా చేరును. లోహములోని పొరలు ఒకదానిపై నొకటి జారకుండ ఆ గుంపులు అడ్డుపడును. ఆ జారుడుకు అడ్డుపడుటయే బలము. ఈ గుంపులను 1938లో ఫ్రాన్సున గినియే, ఇంగ్లండున ప్రెస్టన్ వేరువేరుగా ఎక్స్-కిరణముల సాయమున కనుగొనిరి. లోహము వాడుకలోనికి వచ్చిన దాదాపు ముప్పది ఏండ్లకు దాని రహస్యము స్పష్టముగా తెలిసెను.

మిశ్రలోహమనగా అందలి మూలకముల పట్టిక మాత్రమే కాదని దీనివలన స్పష్టమగును. ఎంత వేడిచేసిరి, ఎట్లు చల్లార్చిరి, ఎంత సాగదీసిరి, మరల ఎంతసేపు వెచ్చచేసిరి అను చరిత్ర యంతయు అందు ఇమిడియుండును. ఒకే కూర్పునకు పదను మారినచో అది వేరొక లోహముతో సమానము.

బలమును తగ్గించుటయే మేలైన సందర్భము

ఈ సంగతికి 7075 అను సంఖ్య గల మిశ్రలోహము మంచి నిదర్శనము. జింకు, మెగ్నీషియము, రాగి కలిసిన ఈ తరగతి లోహమును 1936లో జపానులోని సుమిటోమో సంస్థ రూపొందించెను; అది జీరో యుద్ధవిమానపు రెక్కలలోని దూలములకు వాడబడెను. అమెరికాలో ఆల్కోవా సంస్థ 1943లో ప్రవేశపెట్టినది 7075. అంతకుముందు వాడుకలోనున్న 2024 సుమారు 480 మెగాపాస్కళ్ల లాగుడుకు తెగుచుండగా, టీ6 అను పదను పెట్టిన 7075 సుమారు 570 వరకు నిలిచెను. ఆనాటి వార్తకు ఇంతకన్న కావలసిన దేమున్నది?

కాని దళసరి పలకలనుండి, పోతపెట్టి సుత్తితో మలచిన ముద్దలనుండి చెక్కిన భాగములలో వింత పగుళ్లు కనబడసాగెను. ఎగురుట లేకుండ, కొత్త బరువు మోపకుండ, నిలిచిన చోటనే అవి పుట్టెను. లోహములో బిగిసియున్న లాగుడు, గాలిలోని చెమ్మ, ఉప్పు కలిసి రేణువుల సరిహద్దుల వెంబడి పగులు పుట్టించుచుండెను. దీనిని ఒత్తిడి తుప్పు అనవచ్చును. పలక మందము దిశలో లాగినచో, టీ6 పదనులోని 7075 సుమారు 50 మెగాపాస్కళ్ల స్థిరమైన లాగుడుకే ఇట్లు పగులగలదు. 570 అను అంకెను చూచి మురిసినవారు ఈ 50 అను అంకెను చూడలేదు. రెండును ఒకే లోహమునకు చెందినవే.

దీనికి మందు కొత్త మూలకము కాదు, కొత్త పదను. రెండవసారి మరికొంత ఎక్కువ వేడిలో ఉంచి, గరిష్ఠ బలమును దాటించి, కొంత మెత్తబరచిరి. టీ73 అను ఈ పదనులో నూటికి పది పదిహేను పాళ్ల బలము పోయెను. కాని ఒత్తిడి తుప్పునకు హద్దు 50నుండి సుమారు 300 మెగాపాస్కళ్లకు పెరిగెను. ఆ లోహమునకు జరిగిన గొప్ప సంస్కరణ దాని బలమును తగ్గించుటయే. తేలికదనము, బలము అను రెండు గడుల పట్టికలో ఈ సంస్కరణ నష్టముగానే కనబడును! పోయిన బలమును చాలవరకు నిలుపుకొనుచు తుప్పును ఓర్చు పదను సిద్ధమై 1995లో ప్రయాణికుల సేవకు వచ్చిన బోయింగ్ 777 రెక్కల పైభాగమునకు చేరువరకు ముప్పదియేండ్లకు పైగా పట్టెను.

1954లో జనవరి 10న, ఏప్రిల్ 8న రెండు బ్రిటిష్ కామెట్ విమానములు మధ్యధరా సముద్రముపై ఆకాశముననే విచ్ఛిన్నమై 56 మంది మరణించుట ఈ పాఠమునకే మరియొక అధ్యాయము. ఫార్న్‌బరోలో వేరొక కామెట్‌ను పెద్ద నీటితొట్టిలో ఉంచి, లోపల ఒత్తిడి పెట్టుచు తీయుచు పరీక్షింపగా, అంతకుముందు ఎగిరిన పర్యాయములతో కలిపి 3,057వ పర్యాయమునకు రేకు ఒక మూలనుండి చీలెను. ఒక్కసారి లాగుడుకు నిలువగల రేకే వేలసార్ల లాగుడుకు అలసిపోయెను. దోషములో రూపకల్పనకును భాగము కలదు; మూలల దగ్గర ఒత్తిడి ఎంత పెరుగునో సరిగా అంచనా వేయబడలేదు. అయినను బలమును గూర్చిన ఒక్క అంకె ఎంత చాలదో ఆ తొట్టి లోకమునకు తెలిపెను. ఎక్కువ బలము గల 7075 ఉండగా, అటుపిమ్మట అనేక విమానముల దేహపు రేకునకు తక్కువ బలము గల 2024నే ఎన్నుకొనుటకు కారణ మిదియే.

లిథియపు ఆశ

లోహములన్నింటిలో తేలికయైనది లిథియము. దాని సాంద్రత నీటిలో సగము మాత్రమే. అల్యూమినియమునకు నూటికి 1 పాలు లిథియము కలిపినచో సాంద్రత సుమారు 3 శాతము తగ్గును, బిగువు సుమారు 6 శాతము పెరుగును. ఒకే మూలకము బరువును తగ్గించి బిగువును పెంచుట అరుదైన వరము. ఈ రెండు అంకెలు వ్యాసములన్నింటను మంత్రమువలె వల్లింపబడుచున్నవి. వాటిలో అబద్ధ మేమియు లేదు. చెప్పకుండ వదలిన దానిలోనే చిక్కున్నది.

1950 దశకపు చివర ఆల్కోవా సంస్థ 2020 అను మిశ్రలోహమును వెలువరించెను. ఇది సంవత్సరము కాదు, లోహపు సంఖ్య. అందు రాగి 4.5, లిథియము 1.1 పాళ్లు, కొలదిగా మాంగనీసు, కాడ్మియము. అమెరికా నౌకాదళపు విజిలాంటీ విమానమునకు రెక్కల రేకులుగా అది వాడబడెను. గీత పడినచో సులభముగా పగులునను భయమువలనను, తయారీ చిక్కులవలనను 1969లో దానిని విరమించిరి. ఆ విమానములు మాత్రము 1970 దశకపు చివరివరకు ఎగిరెను. వాటి రెక్కలకు పగులు గాని తుప్పు గాని చెప్పుకోదగినంతగా పట్టలేదు. సోవియట్ దేశమున ఫ్రిడ్ల్యాండర్ బృందము 1960 దశకమున మెగ్నీషియము-లిథియము కలిసిన 1420 అను మరొక దారి తొక్కెను.

1980 దశకమున ఆశ మరల చిగిర్చెను. కార్బను నారతో చేసిన సంయుక్త పదార్థములు అల్యూమినియమునకు పోటీగా వచ్చుచున్న కాలమది. లోహపు కర్మాగారములకు ఒక్కటే గురి: పాత రేకును తీసి, కొలతలు మార్చకుండ కొత్త రేకు పెట్టినంత మాత్రమున నూటికి పది పాళ్లు తేలిక కావలెను. అందుకై లిథియమును 2 పాళ్లకు మించి చేర్చిరి. అమెరికా 2090, బ్రిటను 8090, ఫ్రాన్సు 2091 ఈ విధముగా పుట్టినవి. 8090 సాంద్రత 2.54కు దిగెను, 2024 సాంద్రత 2.78. గురి కుదిరినట్లే కనబడెను.

కాని లిథియము ఎక్కువైనచో అది అల్యూమినియముతో చేరి కట్టు సూక్ష్మకణములు లోహపు అమరికలో మరీ చక్కగా ఇమిడిపోవును. జారుచున్న పొర వాటిని చుట్టి పోవక కోసికొని పోవును. ఒకసారి కోసిన దారి మెత్తబడును. తరువాతి జారుడంతయు ఆ దారినే పోవును. తుదకు రేణువుల సరిహద్దుమీద ఒత్తిడి గుమిగూడి పగులు పుట్టును. దానికితోడు రోలర్ల క్రింద సాగిన పలక వెదురువంటి దయ్యెను. వెదురు అడ్డముగా విరుగుట కష్టము, నిలువునా చీలుట సులభము. ఈ పలకలును పొడవునా లాగిన బలముగా నిలిచి, మందము దిశలో లాగిన పొరలు విడిపోవుచుండెను. 70 డిగ్రీల సెంటిగ్రేడు వంటి కొద్ది వేడిలో దీర్ఘకాల ముంచినచో పగులోర్పు ఇంకను తగ్గెను. మండుటెండలో నిలిచిన విమానపు రేకు ఆ వేడికి చేరుట వింత కాదు. ధరయో, పాతదానికి అనేక రెట్లు. 8090 ఈహెచ్101 హెలికాప్టరులో తగిన చోటు సంపాదించుకొన్న మాట నిజమే. కాని పాత రేకు తీసి కొత్త రేకు పెట్టుదమను సాధారణమైన ఆశ నెరవేరలేదు.

‘తరము’ అను ఉపమానము సరియేనా?

ఈ చరిత్రను చెప్పు గ్రంథకర్తలు 2020 మొదలగువానిని మొదటి తరమనియు, 1980 దశకపు లోహములను రెండవ తరమనియు, తరువాతి వానిని మూడవ తరమనియు విభజింతురు. 2012లో రియోహా, ల్యూ అను ఆల్కోవా శాస్త్రజ్ఞులు వ్రాసిన పెద్ద సమీక్ష ఈ విభాగమునకు ప్రచారము కల్పించినవానిలో ఒకటి. రెండవ తరపు దోషములను ఆ సమీక్ష దాచలేదు. దిశాభేదమును, తక్కువ పగులోర్పును, వేడికి కలుగు మార్పును తిన్నగా పేర్కొన్నది. ఆ నిజాయితీ మెచ్చదగినది. కాని ‘తరము’ అను మాట మాత్రము పాఠకుని దారి తప్పించును. తరమనగానే తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు వచ్చిన వరుస మనస్సున మెదలును. ఇక్కడ ఆ వరుస లేదు.

మూడవ తరములో ప్రసిద్ధికెక్కిన 2195ను చూడుడు. అందు రాగి 4, లిథియము 1 పాలు. కొలదిగా మెగ్నీషియము, వెండి, జిర్కోనియము. సాంద్రత 2.71. 1969లో విరమించిన 2020లో రాగి 4.5, లిథియము 1.1, సాంద్రత అదియే, 2.71. మనుమడు తండ్రిని విడిచి తాత పోలికతో పుట్టెను. నడుమ వచ్చిన రెండవ తరము, తేలికదనమను అంకెను వెంబడించి దారి మళ్లిన శాఖ. మెట్లు మెట్లుగా ఎక్కినట్లు కనబడు కథ, నిజముగా ముందుకు పోయి వెనుకకు వచ్చిన కథ.

మరి 2020నకును 2195నకును భేద మేమి? కూర్పులో కొద్ది, జ్ఞానములో చాల. ముతక రేణువులు, ఇనుము-సిలికాను మలినముల ముద్దలు 2020కి పెళుసుదనము తెచ్చినవని తరువాతి పరిశోధనలు తెలిపెను. జిర్కోనియము రేణువులను అదుపులో నుంచును. వెండి, మెగ్నీషియము కలిసి రాగి-లిథియపు సన్నని పళ్లెములవంటి కణములు దట్టముగా ఏర్పడునట్లు చేయును. వీటిని కోయుట జారుడు పొరకు అంత సులభము కాదు. అన్నింటికి మించి, పగులోర్పును కొలుచుటకు 1950 దశకమున ఇర్విన్ వేసిన సిద్ధాంతపు పునాదిపై అమెరికాలో ఒక పరీక్షా పద్ధతి ప్రమాణముగా అచ్చయినది 1970లో. అనగా 2020 పెళుసని విరమించిన మరుసటి సంవత్సరము! దోషము ఎంతటిదో సరిగా కొలుచు కొలబద్ద రాకముందే ఆ లోహమునకు తీర్పు వెలువడెను.

ఒకే తొట్టిలో రెండు పాఠములు

1998 జూన్ 2న ఎగిరిన అమెరికా అంతరిక్షనౌక డిస్కవరీకి కట్టిన ఇంధనపు తొట్టి 2195తో చేసిన తొట్లలో మొదటిది. పాత తొట్టికి వాడిన 2219కన్న ఈ లోహము 5 శాతము మాత్రమే తేలిక, 30 శాతము బలము. పాత తొట్టి బరువు దాదాపు 30 టన్నులు. అందు 5 శాతమన్నచో ఒకటిన్నర టన్ను. కాని తగ్గినది సుమారు 3,400 కిలోగ్రాములు. మిగిలినది బలమునుబట్టి పలుచన చేసిన గోడలవలనను, కొత్తగా మలచిన ఆకృతివలనను వచ్చెను. సాంద్రతలో పది శాతము ఆశించినవారు భంగపడిన చోట, ఐదు శాతముతో సరిపెట్టుకొన్నవారు నిర్మాణములో పది శాతమునకు మించి సాధించిరి.

ఆ తొట్టి నడుమ భాగములోని నిలువు పట్టీలు మాత్రము రెండవ తరపు 2090తో చేయబడినవి. 2010 నవంబరు 5న డిస్కవరీ ప్రయాణము వాయిదాపడిన తరువాత తొట్టిమీది నురుగు పూతలో చీలిక కనబడెను. పూత తీసి చూడగా ఆ క్రింది పట్టీలు పగిలియుండెను. పరిశోధింపగా, ఆ పట్టీలకు వాడిన లోహపు దఫా పగులోర్పులో సాటి దఫాలకన్న తక్కువదని తేలెను. బలములో లోటు లేదు, లోటు పగులోర్పులో. పట్టీల చివరలకు అదనపు బిళ్లలు బిగించి 2011 ఫిబ్రవరి 24న నౌకను పంపిరి. ఎక్కువ బలముగల దఫాయే ఎక్కువ మేలైనదని తలచు పద్ధతికి ఇంతకన్న స్పష్టమైన ఖండనము దొరకదు.

తూచవలసిన తీరు

ఈ విషయముపై మంచి రచనలు లేకపోలేదు. 1996లో స్టార్క్, స్టేలీ వ్రాసిన సమీక్ష, ఏ లోహము గొప్పది అని అడుగక, విమానములో ఏ భాగమునకు ఏ గుణము కావలెను అని అడుగును. రెక్క పైభాగము నొక్కుడును భరించును. క్రిందిభాగము లాగుడును, అలసటను భరించును. దేహపు రేకు పగులును ఆపవలెను. ప్రశ్న సరిగా వేసినందుననే ఆ రచన నేటికిని ఉపయోగపడుచున్నది. 2013లో అల్యూమినియము-లిథియము మిశ్రలోహములపై వెలువడిన ఉద్గ్రంథమునకు సంపాదకులు ముగ్గురు. వారిలో ఈశ్వర ప్రసాద్, గోఖలే హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞులు, మూడవవారు హాలండుకు చెందిన వాన్‌హిల్. అలసట, పగులు, తుప్పులకు ఆ గ్రంథమున ప్రత్యేక అధ్యాయములు కేటాయింపబడినవి. హైదరాబాదులో ఇంతటి కృషి జరిగియుండగా, తెలుగు పాఠకునకు చేరునది మాత్రము ‘పది శాతము తేలిక’ అను ముక్కయే అగుట విచారింపదగినది.

కొత్త లోహమును గూర్చి వ్రాయువారు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పినచో ఈ కొరత చాలవరకు తీరును. ఆ లోహము ఏ దిశలో, ఏ గుణములో అన్నింటికన్న బలహీనము? ఆ బలహీనతను ఏ పరీక్షతో కొలిచిరి? విమానములో ఏ భాగమునకు అది తగును, ఏ భాగమునకు తగదు? వీటికి జవాబు దొరకనిచో ఆ సంగతినే వ్రాయవచ్చును. అదియు పాఠకునకు ఉపయోగపడు వార్తయే. 7075లోని 570 అను అంకె కర్మాగారపు ప్రకటనలో తప్పక ఉండును. 50 అను అంకెను వెదకి పాఠకుని ముందు పెట్టవలసినవారు వైజ్ఞానిక రచయితలు.